ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సమాన అవకాశాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సమాన అవకాశాలు అనగా హైదరాబాదులోని ఈ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోను, దాని అనుబంధ కళాశాలలలోను అన్ని కులాలు, మతాలు, భాషలు, ప్రాంతాలకు చెందిన విద్యార్థులకు, మహిళలకు, వికలాంగులకు ప్రవేశం కల్పించి, చదువు పూర్తి చేసేందుకు తోడ్పడే చట్టాలు, నియమాలు, పథకాల సముదాయం. విశ్వవిద్యాలయం 1918లో స్థాపించబడినది. నాటి నుండి నేటి వరకు ఇక్కడ ప్రవేశాన్ని ప్రధానంగా భాష, లింగం, కులం, ప్రాంతం అనే నాలుగు అంశాలు నిర్ణయిస్తూ వచ్చాయి. ఒక వర్గానికి తలుపు తెరిచిన ఏర్పాటు చాలాసార్లు మరొక వర్గాన్ని బయటే ఉంచింది. తరువాత వచ్చిన సంస్కరణలలో అనేకం ఆ లోటును పూడ్చడానికి చేసిన ప్రయత్నాలే. పాతబస్తీలోని జహనుమా వంటి ప్రాంతాలలో ఈ ఏర్పాట్ల ఫలితాలు, పరిమితులు రెండూ కనిపిస్తాయి.

ఉర్దూ మాధ్యమం

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా జారీ చేశాడు. 1919లో తరగతులు మొదలయ్యాయి. ఉన్నత విద్యను భారతీయ భాషలో బోధించిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయాలలో ఇది ఒకటి. ఉర్దూ బోధనా మాధ్యమం కాగా, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. విజ్ఞానశాస్త్రాలు, వైద్యం, న్యాయశాస్త్రం వంటి విషయాలకు ఉర్దూలో పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదాలు సమకూర్చడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. వలస పాలనలో ఉన్నత విద్య ఇంగ్లీషుకే పరిమితమైన కాలంలో ఇది పెద్ద ముందడుగు.

అయితే నాటి హైదరాబాదు రాజ్యంలో సుమారు సగం మంది ప్రజలు తెలుగు మాట్లాడేవారు. మరాఠీ, కన్నడ మాట్లాడేవారు కూడా అధిక సంఖ్యలో ఉండేవారు. ఉర్దూ మాతృభాషగా గలవారు దాదాపు పదోవంతు మాత్రమే. ఇంగ్లీషు భారాన్ని తగ్గించిన మాధ్యమమే తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల గ్రామీణ విద్యార్థికి కొత్త భారమైనది. విశ్వవిద్యాలయంలో తెలుగు, మరాఠీ, కన్నడ శాఖలు ఉన్నప్పటికీ ఆ భాషలను పాఠ్యాంశాలుగానే చదవవలసి ఉండేది. కవి రాయప్రోలు సుబ్బారావు తెలుగు శాఖలో ఆచార్యుడిగా పనిచేశాడు.

1938లో వసతిగృహాలలో వందేమాతరం గీతాన్ని పాడిన విద్యార్థులను విశ్వవిద్యాలయం నుండి బహిష్కరించారు. వారిలో అనేకులు నాగపూరు విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. తరువాతి కాలంలో భారత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఈ ఉద్యమంలో పాల్గొన్నవారిలో ఒకడు.

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత బోధనా మాధ్యమం ఇంగ్లీషుకు మారినది. దీనితో ఉర్దూ పాఠశాలల నుండి వచ్చే విద్యార్థులు అంతకుముందు తెలుగు విద్యార్థులున్న స్థితికి చేరుకున్నారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలను తెలుగులో ప్రచురించుటతో డిగ్రీ స్థాయిలో తెలుగు మాధ్యమం విస్తరించినది. పోస్టుగ్రాడ్యుయేట్, వృత్తివిద్యా కోర్సులలో మాత్రం బోధన ప్రధానంగా ఇంగ్లీషులోనే కొనసాగుతున్నది.

మహిళా విద్య

విశ్వవిద్యాలయ మహిళా కళాశాల 1924లో ప్రారంభమైనది. ఇది మొదట నాంపల్లిలో, సరోజినీ నాయుడు కుటుంబ నివాసమైన గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచినది. 1949లో కోఠీలోని పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనానికి మారినది. పరదా పాటించే కుటుంబాల ఆడపిల్లలకు ఉన్నత విద్య అందడంలో ప్రత్యేక మహిళా కళాశాల కీలక పాత్ర వహించినది. మూసీ నదికి ఆవలివైపు ఉన్న పాతబస్తీ నుండి కోఠీ దగ్గర కావడం కూడా దీనికి తోడ్పడినది. ఈ కళాశాలను 2022లో విశ్వవిద్యాలయంగా ఉన్నతీకరించారు. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

సహవిద్యా కళాశాలలలో ప్రతి సామాజిక వర్గానికి కేటాయించిన సీట్లలోను, జనరల్ సీట్లలోను మూడో వంతు (33⅓ శాతం) మహిళలకు కేటాయించబడుతుంది. దీనిని సమాంతర రిజర్వేషన్ అంటారు. అనగా ఇది వేరొక కోటా కాదు, ప్రతి కోటా లోపల వర్తించే నియమం.

సామాజిక రిజర్వేషన్లు

రాజ్యాంగానికి 1951లో చేసిన మొదటి సవరణ ద్వారా 15(4) అధికరణం చేర్చబడినది. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు విద్యాసంస్థలలో ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం దీనితో రాష్ట్రాలకు లభించినది. ఈ రాజ్యాంగ రచనలో ప్రధాన పాత్ర వహించిన బి.ఆర్. అంబేద్కర్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953లో గౌరవ డాక్టరేటు ప్రదానం చేసినది.

ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల జాబితా అనేక న్యాయవివాదాలను ఎదుర్కొన్నది. తగిన సామాజిక సమాచారం లేకుండా రూపొందించిన జాబితా చెల్లదని 1968లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తరువాత ఏర్పడిన అనంతరామన్ కమిషన్ 1970లో నివేదిక సమర్పించినది. దాని ఆధారంగా వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి అనే నాలుగు సమూహాలుగా విభజించి 25 శాతం సీట్లు కేటాయించారు. 1972లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. ఆ విభజన ఇలా ఉన్నది:

బీసీ-ఎ: 7 శాతం
బీసీ-బి: 10 శాతం
బీసీ-సి: 1 శాతం (క్రైస్తవ మతం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారు)
బీసీ-డి: 7 శాతం

వీటితోపాటు షెడ్యూల్డు కులాలకు 15 శాతం, షెడ్యూల్డు తెగలకు 6 శాతం కలిపి మొత్తం రిజర్వేషన్లు 46 శాతంగా ఉండేవి. 1992లో మండల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు రిజర్వేషన్లు సాధారణంగా 50 శాతం మించరాదని పేర్కొన్నది. ఆ తరువాత రాష్ట్రంలో జరిగిన ప్రతి మార్పు ఈ పరిమితితో ముడిపడి ఉన్నది.

స్థానికత

1969 తెలంగాణ ఉద్యమంలోను, 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలోను విద్య, ఉద్యోగాలలో ప్రాంతాల వాటా ప్రధానాంశం. ఆరు సూత్రాల పథకం అనంతరం 1973లో 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణం చేర్చబడినది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉస్మానియా పరిధిలోని సీట్లలో 85 శాతం తెలంగాణ ప్రాంతపు స్థానిక అభ్యర్థులకు కేటాయించబడినవి. సామాజిక రిజర్వేషన్లు ఈ స్థానిక వాటా లోపల కూడా అమలవుతాయి. కావున ఒక సీటు భర్తీ అయ్యేటప్పుడు అభ్యర్థి మార్కులతోపాటు స్థానికత, సామాజిక వర్గం, లింగం అనే మూడు అంశాలు ఒకేసారి పరిశీలించబడతాయి. 2016లో మొదలైన దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా డిగ్రీ ప్రవేశాలలో ఈ లెక్కింపు జరుగుతున్నది.

ముస్లింలలోని వెనుకబడిన తరగతులు

షెడ్యూల్డు కులాల హోదా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకు మాత్రమే పరిమితమైనది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది. ముస్లింలకు, క్రైస్తవులకు అది వర్తించదు. దూదేకుల, మెహతర్ వంటి కొన్ని ముస్లిం సమూహాలు వెనుకబడిన తరగతుల జాబితాలో ముందునుండే ఉన్నా, ముస్లిం జనాభాలో అధిక భాగం రిజర్వేషన్లకు వెలుపల ఉండిపోయినది. 2006లో సమర్పించబడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలోని ప్రముఖ కళాశాలలలో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒకరు, పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థులు 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలు.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ 5 శాతం రిజర్వేషన్ ప్రకటించగా హైకోర్టు అదే సంవత్సరం దానిని కొట్టివేసినది. 2005లో తెచ్చిన చట్టం కూడా నిలవలేదు. మతం ఒక్కటే వెనుకబాటుతనానికి కొలమానం కాజాలదన్నది ప్రధాన అభ్యంతరం. మరొక అభ్యంతరం లెక్కకు సంబంధించినది: అప్పటికే ఉన్న 46 శాతానికి 5 చేర్చితే మొత్తం 51 శాతమై పరిమితి దాటుతుంది.

తరువాత ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్‌ను సలహాదారుగా నియమించినది. ఆయన సూచనలను, బీసీ కమిషన్ నివేదికను అనుసరించి 2007లో కొత్త చట్టం వచ్చినది. ఇందులో రెండు మార్పులు గమనించదగినవి. మొదటిది, వాటా 4 శాతానికి తగ్గి మొత్తం సరిగ్గా 50 శాతం అయినది. రెండవది, మతం మొత్తానికి కాక వృత్తి, సామాజిక స్థాయి ఆధారంగా గుర్తించిన సమూహాలకే ఇది వర్తిస్తుంది. ఈ సమూహాలను బీసీ-ఇ అంటారు. ధోబీ, ఫకీరు, హజాం, ఖురేషీ, లబ్బై, సిద్దీ, షేక్ మొదలైన సమూహాలు ఇందులో ఉన్నాయి. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్ మొదలైనవారు మినహాయించబడ్డారు.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్ని కూడా కొట్టివేసినది. అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించినది. బీసీ-ఇ రిజర్వేషన్లు ఆ మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా కొనసాగుతూ వచ్చాయి. ఈ వాటాను 12 శాతానికి, షెడ్యూల్డు తెగల వాటాను 10 శాతానికి పెంచుతూ తెలంగాణ శాసనసభ 2017లో బిల్లును ఆమోదించినా అది అమలులోనికి రాలేదు.

ఇటీవలి మార్పులు

103వ రాజ్యాంగ సవరణ (2019) ద్వారా ఇతర రిజర్వేషన్లు లేని ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం వాటా ఏర్పడినది. తెలంగాణలో ఇది 2021 నుండి అమలైనది. 2022 సెప్టెంబరులో షెడ్యూల్డు తెగల వాటాను రాష్ట్ర ప్రభుత్వం 6 నుండి 10 శాతానికి పెంచినది.

షెడ్యూల్డు కులాల వర్గీకరణ కోసం మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి 1994 నుండి ఉద్యమించినది. ఉమ్మడి రాష్ట్రంలో అమలైన వర్గీకరణను 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి వర్గీకరణ చెల్లుతుందని ప్రకటించినది. 2025 ఏప్రిల్ 14 నుండి తెలంగాణలో 15 శాతం వాటా మూడు సమూహాలకు 1, 9, 5 శాతాలుగా పంచబడినది.

ఫీజులు, వసతి, దూరవిద్య

సీటు లభించుట వేరు, చదువు పూర్తి చేయుట వేరు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో విస్తృతంగా ప్రవేశపెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం పేద కుటుంబాల విద్యార్థులు కళాశాలలలో చేరడానికి తోడ్పడినది. విద్యార్థి చెల్లించవలసిన రుసుమును ప్రభుత్వం కళాశాలకు చెల్లించుట దీని పద్ధతి. అయితే నిధుల విడుదల ఆలస్యమైనప్పుడు భారం తిరిగి విద్యార్థిపైనే పడుతుంది. బకాయిలు తీరేవరకు కొన్ని ప్రైవేటు కళాశాలలు ధ్రువపత్రాలు ఇవ్వకపోవడం తరచు వినవచ్చే ఫిర్యాదు.

గ్రామీణ విద్యార్థులకు వసతిగృహాలే విశ్వవిద్యాలయ జీవితానికి ఆధారం. ఉద్యోగం చేస్తూ చదివేవారి కోసం 1977లో కరెస్పాండెన్స్ కోర్సుల సంస్థ ఏర్పడినది. ఇదే తరువాత ఆచార్య జి. రాంరెడ్డి దూరవిద్యా కేంద్రం అయినది. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన జి. రాంరెడ్డి 1982లో స్థాపించబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి. తరువాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

వికలాంగులకు 1995 నాటి చట్టం ప్రకారం 3 శాతం, 2016 నాటి చట్టం ప్రకారం ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించవలసి ఉన్నది. పరీక్షలలో లేఖకుని సహాయం, అదనపు సమయం కూడా కల్పించబడతాయి.

ప్రాంగణంలో వివక్ష నివారణ

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2012లో ఉన్నత విద్యాసంస్థలలో సమానత్వ ప్రోత్సాహక నిబంధనలను ప్రకటించినది. కులం, మతం, భాష, లింగం, వైకల్యం ఆధారంగా వివక్ష చూపరాదని, ఫిర్యాదుల కొరకు సమాన అవకాశాల విభాగం ఉండాలని ఇవి నిర్దేశిస్తాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకొన్న తరువాత ఈ నిబంధనల అమలుపై దేశవ్యాప్తంగా చర్చ జరిగినది. 2026 జనవరిలో యూజీసీ వీటి స్థానంలో కొత్త నిబంధనలను ప్రకటించగా, అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి, 2012 నిబంధనలే కొనసాగాలని ఆదేశించినది.

ఆహారం, పండుగలు వంటి విషయాలు కూడా ప్రాంగణంలో సమానత్వ చర్చలో భాగమైనవి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా ప్రాంగణంలో దళిత విద్యార్థి సంఘాలు నిర్వహించిన పెద్దకూర పండుగ ఘర్షణలకు దారితీసినది. తమ ఆహారానికి ప్రాంగణంలో గుర్తింపు కావాలని నిర్వాహకులు, తమ మనోభావాలు దెబ్బతిన్నవని వ్యతిరేకులు వాదించారు.

జహనుమా, పాతబస్తీ

జహనుమా హైదరాబాదు పాతబస్తీలో ఫలక్‌నుమాకు సమీపాన గల నివాస ప్రాంతం. పారశీక భాషలో ఈ పేరుకు "ప్రపంచాన్ని చూపునది" అని అర్థం. ఈ పరిసరాలలో ఉర్దూ ఎక్కువగా వ్యవహారంలో ఉన్నది, తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. నగరంలో 2003లో ప్రారంభమైన ఎంఎంటీఎస్ రైలు మార్గంలో ఫలక్‌నుమా ఒక చివరి స్టేషనుగా ఉండేది. ఇదే మార్గంలో యాకుత్‌పురా, మలక్‌పేట, కాచిగూడ దాటిన తరువాత జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు వస్తాయి. అనగా పాతబస్తీ దక్షిణ కొస నుండి విశ్వవిద్యాలయానికి నేరుగా రైలు మార్గం కలదు. అయినప్పటికీ ఇక్కడి విద్యార్థులలో అనేకులకు ఉస్మానియా అంటే ప్రధాన ప్రాంగణం కాదు, దగ్గరలోని అనుబంధ కళాశాల. ఫలక్‌నుమా ప్రభుత్వ డిగ్రీ కళాశాల, హుస్సేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల, మూసీ ఒడ్డున హైకోర్టు సమీపంలోని సిటీ కళాశాల ఇటువంటివి. కవి మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కళాశాలలో అధ్యాపకునిగా పనిచేశాడు. ఆడపిల్లలను దూరం పంపడానికి వెనుకాడే కుటుంబాలకు ఇంటి దగ్గరి మహిళా కళాశాలే ఉన్నత విద్యకు ఏకైక మార్గమవుతుంది.

పై నియమాలు ఆచరణలో ఎలా పనిచేస్తాయో ఈ ప్రాంతం నుండి ఒక ఉదాహరణతో వివరించవచ్చు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో ఉంటూ, సమానమైన మార్కులు పొందిన నలుగురు విద్యార్థినులను తీసుకొందాం.

షేక్ కుటుంబపు అమ్మాయి బీసీ-ఇ వాటాకు అర్హురాలు.

సయ్యద్ కుటుంబపు అమ్మాయి బీసీ-ఇలో రాదు. కుటుంబ ఆదాయం పరిమితి లోపల ఉంటే ఆర్థికంగా బలహీన వర్గాల వాటాలో దరఖాస్తు చేయవచ్చు.

సమీపంలోని బార్కస్‌కు చెందిన అరబ్ సంతతి కుటుంబపు అమ్మాయికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో నివసిస్తున్నారు. ఆఫ్రికా నుండి అదే విధంగా వచ్చిన సిద్దీల వారసులు మాత్రం బీసీ-ఇ జాబితాలో ఉన్నారు.

షెడ్యూల్డు కులానికి చెందిన అమ్మాయికి 15 శాతం వాటాలో తన సమూహానికి నిర్దేశించిన భాగం వర్తిస్తుంది.

నలుగురికీ మహిళలకు గల మూడో వంతు నియమం, స్థానిక నియమం సమానంగా వర్తిస్తాయి. ఇంటి ఆదాయం, ఇరుకు గదులు, త్వరగా పెళ్లి చేయాలనే ఒత్తిడి నలుగురికీ ఒకటే కావచ్చు. ధ్రువపత్రంలోని పేరు మాత్రం వేరు. సమూహాల వారీ గుర్తింపు న్యాయస్థానాల పరీక్షకు నిలవడానికి అవసరమైనది. కాని అది ఒకే వీధిలోని పేదరికాన్ని సమానంగా కొలవలేదు.

ఉర్దూ మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివిన విద్యార్థికి భాష మరొక అడ్డంకి. రిజర్వేషన్ ద్వారా పోస్టుగ్రాడ్యుయేట్ సీటు వచ్చినా పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఒకప్పుడు ఉర్దూలో విజ్ఞానశాస్త్రాన్ని బోధించిన విశ్వవిద్యాలయం ఉన్న నగరంలోనే ఈ స్థితి ఏర్పడినది. ఈ లోటును దృష్టిలో ఉంచుకొని పార్లమెంటు చట్టం ద్వారా 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపించబడినది. ఉర్దూలో వృత్తి, సాంకేతిక విద్యను అందించుట, మహిళా విద్యపై ప్రత్యేక శ్రద్ధ వహించుట దాని ఆశయాలు. కాని దాని ప్రాంగణం గచ్చిబౌలిలో, పాతబస్తీకి నగరపు మరొక అంచున ఉన్నది. 2017లో ఉర్దూను తెలంగాణ అంతటా రెండవ అధికార భాషగా ప్రకటించారు.

విమర్శలు

రిజర్వేషన్లు ప్రతిభకు అన్యాయం చేస్తాయన్నది ఒక విమర్శ. ఒకే మార్కులు వేరువేరు సౌకర్యాల మధ్య సాధించబడినప్పుడు వాటి విలువ ఒకటే కాదన్నది దానికి సమాధానం. రిజర్వుడు వర్గాలలోనే కొంత మెరుగైన స్థితిలో ఉన్న కుటుంబాలు ఎక్కువ ప్రయోజనం పొందుతున్నవన్నది మరొక విమర్శ. బీసీలను సమూహాలుగా విభజించుట, షెడ్యూల్డు కులాల వర్గీకరణ ఈ విమర్శకు ఇచ్చిన సమాధానాలే.

అధ్యాపక నియామకాలలో కూడా రిజర్వేషన్లు రోస్టరు పద్ధతిలో వర్తిస్తాయి. ఖాళీలు దీర్ఘకాలం భర్తీ కానప్పుడు ఆ రోస్టరు కాగితంపైనే మిగిలిపోతుంది. బలహీన వర్గాల విద్యార్థులు తరగతి గదిలోకి వచ్చినా, బోధించేవారిలో తమవారు కనిపించకపోవడానికి ఇది ఒక కారణం.

ఉస్మానియా శతాబ్ది చరిత్రలో తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకొన్నాయి. భాష ద్వారా ఇంగ్లీషు రానివారికి, మహిళా కళాశాల ద్వారా ఆడపిల్లలకు, రిజర్వేషన్ల ద్వారా అణగారిన కులాలకు, స్థానిక నియమం ద్వారా వెనుకబడిన జిల్లాలకు ప్రవేశం లభించినది. ప్రవేశం తరువాతి దశలైన బోధనా భాష, రుసుము, ప్రయాణం, వసతి, అధ్యాపకుల కొరత విషయంలో ఏర్పాట్లు అంత పటిష్ఠంగా లేవు. సీటు పొందినవారిలో ఎందరు పట్టా పొందుతారన్నది ఈ దశలపైనే ఆధారపడి ఉన్నది.

ఇవి కూడా చూడండి

ఉస్మానియా విశ్వవిద్యాలయం
మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం
ఫలక్‌నుమా
బార్కస్
సచార్ కమిటీ
మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి